గాలిదుమారము

వేగముగా వీచు గాలి నేలమీది సన్నని మట్టిని విస్తారముగా లేవనెత్తి దిక్కులను కప్పివేయగా, చూపు ఆనెడి దూరము 1000 మీటర్లకు లోపడినయెడల ఆ సంక్షోభమును వాతావరణ శాస్త్రజ్ఞులు ధూళి తుపాను అని వ్యవహరింతురు. తెలుగునాట సామాన్యజనులు దానిని గాలిదుమారమందురు; దుమ్మువెనుక వాన తోడైనచో గాలివాన యందురు; ఎండవేళ బీడు పొలములలో గిరగిర తిరుగుచు పైకి లేచి, కొంతదూరము సాగి, అంతలో మాయమైపోవుదానిని సుడిగాలి యందురు. వీనిలో సుడిగాలి మిక్కిలి చిన్నది. మబ్బులేని ఆకాశముక్రింద, కాగిన నేలనుండి పైకెగయు వేడిగాలివలన పుట్టి, గడ్డిపరకలను ఎండుటాకులను ఎగురవైచుటతోనే దాని బలము తీరిపోవును. పల్నాటి దుమారము అట్టిది కాదు. అది మేఘమునుండి దిగివచ్చునది. ఊరి పొలిమేరలో ఆగక మండలములకు మండలములను దాటిపోవునది.

ధూళి తుపాననగానే సహారా, అరేబియా, థారు ఎడారులు స్మరణకు వచ్చుట సహజము. కాని ఎడారియన్నది లేని పల్నాటి సీమయందును, 2022 ఏప్రిల్ 4వ తేదీన గుంటూరు జిల్లానుండి విడివడి పల్నాడు జిల్లాలో చేరిన చిలకలూరిపేట ప్రాంతమందును, ఏటేట చైత్రము మొదలు జ్యేష్ఠము వరకు కొన్ని సాయంకాలములు ఇది వచ్చిపోవుచునే యుండును. ఎడారి తుపాను ఒక్కొకప్పుడు దినములతరబడి నిలుచును. ఇచ్చటిది అరగంటలోనో ముప్పావుగంటలోనో ముగియును. ఎడారి తుపాను మోసికొనివచ్చునది మానవుని చేయి సోకని ఇసుక. పల్నాటి దుమారము లేవనెత్తునది మన చేలలోను, మన డొంకలలోను, మన కల్లములలోను మనమే నలిపి ఉంచిన మన్ను. దాని వలన కలుగు మేలుకీడులను విచారించునపుడు ఈ భేదమును మరవరాదు.

ధూళి లేచు విధము

గాలి యెంత బలముగా వీచినను మెత్తని మట్టిని తానై పైకెత్తుట సులభము కాదన్న సంగతి మొదట వింతగా తోచును. రాల్ఫ్ బాగ్నోల్డ్ అను ఆంగ్లేయ సైనికోద్యోగి లిబియా ఎడారిలో మోటారు బండ్లపై సంచరించి, పిమ్మట గాలిసొరంగములో ప్రయోగములు చేసి, 1941లో ప్రకటించిన గ్రంథము ఈ విషయమున నేటికిని ప్రమాణముగ నున్నది. రేణువుల గమనము మూడు తెఱగులు. అర మిల్లీమీటరుకు మించిన ముతక ఇసుక నేలను విడువక దొర్లుచు పోవును. అంతకంటె చిన్నవై, మిల్లీమీటరులో పదవవంతు మొదలు సగమువరకు పరిమాణము గల రేణువులు గాలి తాకిడికి ఎగిరి, కొంతదూరము పోయి పడి, మరల ఎగురుచు గంతులతో సాగును. ఇంకను సన్నని ధూళి మాత్రమే గాలిలో తేలి వందలాది కిలోమీటర్లు పోగలదు. అయితే ఈ సన్నని రేణువులు ఒకదానినొకటి అంటిపెట్టుకొని యుండుటచేత గాలికి వెంటనే లొంగవు; గంతులు వేయు ఇసుకరేణువులు వానిపై పడి చిమ్మినప్పుడే అవి విడివడి లేచును. వదులుగా నున్న పొడినేలపై గాలివేగము గంటకు సుమారు 25 కిలోమీటర్లకు చేరునప్పటికి ఈ గంతులాట మొదలగును.

కనుక నేల కదలక, పైన పొరగట్టి, గడ్డివేళ్ళ పట్టు కలిగియుండినచో పెనుగాలియు దానిని అంతగా కదల్పజాలదు. గిట్టలు తొక్కి, చక్రములు నలిపి సిద్ధపరచిన మట్టియైనచో కొద్దిపాటి గాలికే లేచును. పల్నాటి తూర్పుభాగమున విస్తరించిన నల్లరేగడి స్వభావముచేత బంకమన్ను. తడిసినప్పుడు అది కాలిని విడువదు. ఎండినప్పుడు నిలువున నెఱ్ఱెలు విచ్చును. వేసవి దుక్కిలో పైకి లేచిన బెడ్డలు గాలికి చెదరవు సరికదా, వాని ఎగుడుదిగుడుచేత నేలకు ఆనుకొని వీచు గాలివేగమే మందగించును. అదే మన్ను ఊరి డొంకలలో ట్రాక్టరు చక్రములక్రింద మాసములతరబడి నలిగినచో, చీలమండ మునుగునంత మెత్తని దుబ్బగా మాఱును. ఎండుకాలమున అట్టి డొంకవెంట ఒక్క ట్రక్కు బండి పోయినచో లేచిన దుమ్ము అణగుటకు చాలసేపు పట్టును; అట్టి డొంకలు, నూర్పిడి ముగిసిన కల్లములు, రహదారి అంచులు, కంకర మిల్లుల పరిసరములు, ఎండిన చెఱువు గర్భములు దుమారమునకు ముడిసరకును అందించు చోట్లు.

పల్నాటి వేసవి

నల్లమల అడవులకు తూర్పున, కృష్ణానదికి దక్షిణమున పరచుకొనియున్న పల్నాడు ఆంధ్రదేశమున మిక్కిలి వేడిమిగల సీమలలో నొకటి. మాచర్ల చేరువనున్న రెంటచింతల వేసవి ఉష్ణోగ్రతలకు రాష్ట్రమంతట పేరొందినది. మే మాసమున అచ్చట 45 డిగ్రీల సెల్సియస్ దాటుట అరుదైన వార్త కాదు. చిలకలూరిపేట సముద్రమునకు కొంత చేరువ యగుటచే అంతటి తాపము లేకున్నను, కృత్తిక, రోహిణి కార్తెలలో పడమటినుండి వీచు వడగాలి అచ్చటివారికిని తప్పదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునన్న సామెత ఈ సీమయందు అక్షరాల అనుభవములోనిది.

దుమారము పుట్టుటకు ఈ వేడిమి యొక్కటే చాలదు. మధ్యాహ్నము తిరిగిన పిమ్మట బాపట్ల తీరమునుండి తేమగల సముద్రపుగాలి లోపలికి చొచ్చుకొనివచ్చును. పడమటి పొడిగాలియు తూర్పు తేమగాలియు ఎదురైనచోట గాలి పైకి త్రోయబడి, అనుకూలించిన దినములందు 12 మొదలు 15 కిలోమీటర్ల ఎత్తువరకు పెరుగు ఉరుముమేఘముగా రూపొందును. ఆ మేఘమునుండి రాలు చినుకులు క్రింది పొడిగాలిలో పడి, నేలచేరకముందే చాలవరకు ఆవిరియగును. ఆవిరియగుటకు కావలసిన వేడిని చుట్టునున్న గాలినుండియే గ్రహించుటచేత ఆ గాలి చల్లబడి, బరువెక్కి, ఒక్కుమ్మడిగా నేలకు దిగి నలుదెసల ప్రాకును. ఇట్లు ప్రాకు చల్లగాలి అంచు వేడిగాలి అడుగునకు దూసికొనిపోవుచు, త్రోవలోని దుమ్మునంతటిని లేపి తన ముందు గోడగా నిలుపును. సూడాను దేశమున హబూబ్ అను పేర ప్రసిద్ధమైన తుపాను ఇట్టిదే. పల్నాటి దుమారము ఆ జాతిలోనిదే గాని పరిమాణమున చిన్నది.

దాని రాకను అనుభవజ్ఞులైన రైతులు ముందే కనిపెట్టుదురు. అంతవరకు వీచుచున్న వడగాలి ఉన్నట్లుండి ఆగిపోవును, ఆకు కదలదు, ఉక్క భరింపరానిదగును. పడమటనో వాయవ్యముననో మబ్బు కాటుకరంగున దట్టమై, దాని అడుగున నేలను తాకుచు గోధుమవన్నె తెర యొకటి కానవచ్చును. పిమ్మట మిగులు వ్యవధి కొలది నిముషములు మాత్రమే. మొదట చల్లని గాలి ముఖమునకు సోకును. దుర్భరమైన ఎండకు అలసిన మనుజునికి ఆ క్షణము హాయిగనే యుండును. దానివెనుకనే దుమ్ము వచ్చిపడును. వాకిటి తలుపులు దబదబ కొట్టుకొనును; రేకుల కప్పులు ఊగి చప్పుడు చేయును; ఎదుటి వేపచెట్టు కానరాదు; పండ్లనడుమ మట్టి కరకరలాడును. పది నిముషములలో వేడిమి పది డిగ్రీలవరకు దిగిపోవుటయు కలదు. తరువాత పెద్ద పెద్ద చినుకులు, ఒక్కొక్కటి గాలిలోని దుమ్మును కలుపుకొని, బురదబొట్లుగా పడును. సున్నము వేసిన గోడలపైనను దండెములమీది బట్టలపైనను ఆ మచ్చలు నిలిచిపోవును. కొన్ని దినములందు ఆ చినుకులైనను రాలవు, దుమ్మొక్కటే వచ్చిపోవును. వానకొఱకు ఎదురుచూచువారికి అంతకంటె ఆశాభంగము లేదు.

గాలియు ధూళియు కలిసి పట్టపగలు చీకటి చేయు తీరును తెలుగు పాఠకులు పోతన భాగవతము దశమస్కంధములోని తృణావర్తుని కథవలన చిన్ననాటనే ఎఱుగుదురు. శిశువైన కృష్ణుని ఎత్తుకొనిపోవుటకు వచ్చిన ఆ దానవుడు గోకులమును దుమ్ముతో ముంచి, ఒకరికొకరు కానరాకుండ చేసెనని ఆ కథ చెప్పును. పల్లెలలో పెద్దవారు సుడిగాలిని గాలిదయ్యమని పేర్కొని, పిల్లలను దాని త్రోవనుండి తొలగుమని హెచ్చరించుట నేటికిని వినవచ్చును. ఆ హెచ్చరికలో భయముతో పాటు వివేకమును కలదు. సుడిలో తిరుగు పుల్లలును గులకరాళ్ళును కన్నును పోగొట్టగలవు.

కల్లములు

దుమారమువలని నష్టములలో పట్టణవాసుల కంటికి ఆననిది కల్లములమీది నష్టము. నల్లరేగడిలో పండిన మిరప ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు కోతకు వచ్చును. కోసిన కాయను కల్లముమీద పలుచగా పరచి, దినదినము తిరుగవేయుచు ఎండబెట్టి, తేమ పోయిన పిమ్మట బస్తాలకు ఎత్తి గుంటూరు మిర్చియార్డునకు పంపుదురు. ఆ ఎండబెట్టు దినములే దుమారములు మొదలగు దినములు. మబ్బు కానవచ్చినంతనే ఇంటిల్లపాది కల్లమునకు పరుగెత్తుదురు. పరచిన కాయను నడుమకు పోగుచేసి, దానిపై పట్టా కప్పి, అంచులమీద బండరాళ్ళు పెట్టి, రాళ్ళు చాలనిచో తామే అంచులపై కూర్చుందురు. గాలి పట్టాను లేపినచో ఎండిన కాయ, గాలికి తేలికైనది, పొరుగు చేలవరకు ఎగిరిపోవును. ఎగిరిపోక మిగిలినదానికి దుమ్ము పట్టును. దుమ్ముపట్టిన కాయ తడిసెనా, రంగు మాఱి తాలుకాయగా లెక్కకు వచ్చి, ధర సగమునకును దిగజారును. ఆఱు మాసములు నీరు పెట్టి, పురుగుమందు కొట్టి, కూలీలచేత కోయించిన పంట ఇరువది నిముషములలో తఱిగిపోవుట చూచినవారికి ఈ విషయము కేవలము వాతావరణశాస్త్రమునకు చెందినదిగా తోచదు.

మొక్కజొన్న రాశులకును, పందిళ్ళపై ఆరుచున్న నాటు పొగాకునకును ఇదే గండము. వరిగడ్డి వాములు మెడవద్ద విరిగి చెల్లాచెదరగును. మామిడి తోటలలో పక్వమునకు రాని కాయ రాలి, పచ్చడికాయ వెలకైనను అమ్ముడుపోక నేలపాలగును. బొప్పాయి, అరటి వంటి మెత్తని చెట్లు నడిమికి విరుగును.

అయినను గాలితో రైతునకుగల సంబంధము శత్రుత్వమొక్కటే కాదు. నూర్పిడి యంత్రములు రాకమునుపు కల్లములో ధాన్యమును తూర్పారబట్టుటకు రైతు గాలికొఱకు గంటలతరబడి కాచుకొని యుండెడివాడు. ఎత్తైన బల్లపై నిలిచి చేటతో గింజను జారవిడువగా, మితముగ వీచు గాలి పొట్టును దుమ్మును దూరముగా త్రోసి గింజను పాదములవద్ద రాశిపోసెడిది. రేణువుల బరువును బట్టి వానిని వేఱుచేయు ఆ పనినే దుమారము పొలములమీద చేయుచున్నది. మంచి మట్టిని దూరమునకు పంపి ముతక ఇసుకను మనకు మిగుల్చుచున్నది.

పిడుగు, రహదారి, కరెంటు

దుమారము తెచ్చు మేఘమే పిడుగును తెచ్చును. 2018 ఏప్రిల్ 24వ తేదీన 13 గంటల వ్యవధిలో ఆంధ్రప్రదేశమున 36,749 పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ లెక్కించినది. ఉరిమినపుడు అర్జునా, ఫల్గుణా అని తలంచుట తెలుగువారికి పరంపరగా వచ్చిన ఆచారము. తలంపు మనస్సునకు ధైర్యము నిచ్చునేగాని, విశాలమైన చేలనడుమ ఒంటరిగ నిలిచిన వేపచెట్టుక్రిందికో తుమ్మచెట్టుక్రిందికో పరుగెత్తుట మాత్రము ప్రాణాపాయము. దుమ్ము కండ్లలో పడునను తొందరలో గొఱ్ఱెలకాపరులు, మిరపకోత కూలీలు చేయు పొరపాటు ఇదియే. చెట్టుకు దూరముగ, పల్లపుచోట, రెండు పాదములు దగ్గరగా చేర్చి కూర్చుండుట మేలు. ట్రాక్టరు తొట్టిలోను, గొడుగుక్రిందను ఉండరాదు.

చెన్నై, కలకత్తాలను కలుపు జాతీయరహదారి చిలకలూరిపేట ప్రక్కగా సాగును. రేయింబవళ్ళు లారీల రాకపోకలు ఆగని ఆ మార్గమున దుమ్ము కమ్మినపుడు ముందుబండి కానరాదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున ఇట్టి తుపానులకు అలవాటుపడినవారు చోదకులకు చెప్పునది గ్రహింపదగినది: వాహనమును రహదారినుండి పూర్తిగ ప్రక్కకు దింపి, బ్రేకుపై కాలు తీసి, దీపములన్నియు ఆర్పవలెను, ఏలయనగా వెనుకనుండి వచ్చువాడు మీ ఎఱ్ఱదీపమునే త్రోవగా భావించి దానివెంటనే వచ్చి ఢీకొనును. పెద్ద ప్రకటన బోర్డులకు దూరముగ నుండుటయు అవసరమే. 2024 మే 13న ముంబయి నగరమునకు దుమ్ముతో కూడిన పెనుగాలి వచ్చినపుడు ఘాట్కోపర్ పెట్రోలు బంకుపై అట్టి బోర్డొకటి కూలి 17మంది మరణించిరి. పల్లెలలో కరెంటు స్తంభములు ఒరిగి తీగలు తెగుట సామాన్యము; తెగిన తీగ నిర్జీవముగ కానవచ్చినను దానిని తాకరాదు.

ఊపిరి

కంటికి కానవచ్చు దుమ్ముకంటె కానరానిదే శరీరమునకు ఎక్కువ కీడు చేయును. ముతక రేణువులు ముక్కులోను గొంతులోను చిక్కుకొని తుమ్ముతోను దగ్గుతోను వెలికిపోవును. 10 మైక్రోమీటర్లకు లోబడినవి శ్వాసనాళములలోనికి దిగును, 2.5 మైక్రోమీటర్లకు లోబడినవి ఊపిరితిత్తుల గాలితిత్తులవరకు చేరి, ఉబ్బసమును రేపి, గుండెజబ్బు గలవారికి ముప్పు తెచ్చును. మన దేశమున 2009లో ప్రకటింపబడిన ప్రమాణములనుబట్టి ఘనమీటరు గాలిలో మొదటి తరగతి రేణువులు దినసరి సగటున 100 మైక్రోగ్రాములకును, రెండవ తరగతివి 60కిని మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ హద్దులను వరుసగా 45, 15గా సూచించినది. ఘోరమైన ఎడారి తుపానులలో ఈ లెక్క వేలమైక్రోగ్రాములకు పోవును. 2022 మే 5న ఇరాకుదేశమున వచ్చిన ఒక్క తుపానులోనే 5,000 మందికి పైగా ఊపిరాడక ఆసుపత్రులలో చికిత్స పొందిరి.

చిలకలూరిపేటవంటి చోట దుమారము కొలదిసేపే ఉండుటచే ఆరోగ్యవంతులకు కండ్లమంట, దగ్గు, జలుబులతో తీరిపోవును. కంటిలో నలుసు పడినపుడు నులుముకొనుట హాని. చల్లని మంచినీటితో కడుగుకొనవలెను. తలగుడ్డనో పైటకొంగునో ముక్కునకు అడ్డము పెట్టుకొనుట ముతకదుమ్మును ఆపునుగాని సన్నని రేణువులను ఆపజాలదు; అందులకు బిగువైన ఎన్95 ముసుగు కావలెను. ఉబ్బసమున్నవారును, పసిపిల్లలును, వృద్ధులును తలుపులు మూసికొని లోపల నుండుట శ్రేయము.

ఈ సందర్భమున ఒక మాట చెప్పక తప్పదు. ఏడాదిలో కొన్ని సాయంకాలములు వచ్చు దుమారము మాట అట్లుండగా, ఏడాది పొడవునను తమ పనిచోట దుమ్ములోనే బ్రతుకు శ్రామికులు ఈ సీమయందు వేలసంఖ్యలో కలరు. చిలకలూరిపేట ప్రాంతమున ప్రత్తి జిన్నింగు మిల్లులు, నూలు మిల్లులు పెక్కు కలవు. దూదినుసి ఏండ్లతరబడి పీల్చుటచే బిస్సినోసిస్ అను వ్యాధి కలుగును. సెలవుదినము గడచి మిల్లులో అడుగుపెట్టిన మొదటినాడు రొమ్ము బిగిసినట్లుండుట దాని తొలి లక్షణము. కంకర మిల్లులలో రాతిపొడివలన సిలికోసిస్ వచ్చును. ఊపిరితిత్తులలో గట్టిపడిన ఆ మచ్చలను మాన్పు మందు లేదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలలోని తెల్లని పొడి చర్మమును, కండ్లను, గొంతును కాల్చును. సిలికోసిస్, బిస్సినోసిస్ రెండును 1948 ఫ్యాక్టరీల చట్టమున విధిగా ప్రకటింపవలసిన వ్యాధుల పట్టికలో చేర్చబడినవి. దుమారము నడిబజారున అందరి కండ్లలో దుమ్ము కొట్టును గనుక వార్తయగును. మిల్లు గోడలలోపలి దుమ్ము వార్త కాదు. శ్రద్ధ వహింపవలసినది రెండవదానియందే అధికముగ నున్నది.

మన్ను పోవుట

గాలి మొట్టమొదట ఎత్తుకొనిపోవునది సన్నని మట్టిని. సేంద్రియ పదార్థమును, పోషకములును ఎక్కువగ నుండునది ఆ సన్నని మట్టియందే. ఒక దుమారములో పోయిన పొర కంటికి కానరానంత పలుచనిది. ఏండ్లు గడచినకొలది ఆ నష్టము దిగుబడిలో తెలియవచ్చును. అప్పుడు రైతు దానిని విత్తనముపైననో ఎరువుపైననో నెపము పెట్టును.

ఈ నష్టము ఎంతటి విపత్తుగ పరిణమించునో 1930ల దశకమున అమెరికా మైదానములు లోకమునకు చూపినవి. తరతరముల పచ్చికబయళ్ళను గోధుమకొఱకు దున్నివైచిన పిమ్మట కఱవు రాగా, పట్టులేని మన్ను ఆకాశమునకు లేచినది. 1935 ఏప్రిల్ 14న వచ్చిన తుపాను పట్టపగలు చీకటి చేయుటచే ఆ దినమునకు నల్ల ఆదివారమను పేరు నిలిచినది. లక్షలాది జనులు ఇండ్లు విడిచి వలసపోయిరి. హ్యూ బెన్నెట్ అను మృత్తికాశాస్త్రజ్ఞుని ప్రోద్బలమున భూసంరక్షణ చట్టము అదే నెల 27న అమలులోనికి వచ్చినది.

తెలుగునేలపై దీనికి పోల్చదగిన చోటు అనంతపురం జిల్లా. అచ్చట హగరి యని పిలువబడు వేదవతీ నది ఎండియున్న మాసములలో, నైరుతి ఋతుపవనపు బలమైన పడమటిగాలులు నదీగర్భములోని ఇసుకను ఒడ్డుకెక్కించి, బొమ్మనహాళ్, కణేకల్లు మండలముల పొలములమీద దిబ్బలుగ పేర్చుచున్నవి. దర్గాహొన్నూరు, గోవిందవాడ గ్రామముల చెంత ఒకనాటి సేద్యపు భూములు ఇసుకక్రిందికి పోయినవి. ఆ దిబ్బలను చూచినవారు ఎడారి యెక్కడనో రాజస్థానమున నున్నదని ఊరడిల్లజాలరు.

పల్నాటికి అట్టి దుర్గతి పట్టకుండ కాపాడినవానిలో నాగార్జునసాగరు కుడికాలువ ముఖ్యమైనది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడినది మొదలు మెట్టచేలలో పెక్కు ఏడాదిలో అధికకాలము పచ్చగా నుండుచున్నవి. కాని కాలువ కట్టివేసిన ఏప్రిల్, మే, జూన్ మాసములలో నేల మరల బోసిపోవును. పెనుగాలులు వచ్చునది సరిగా ఆ మాసములందే. ప్రత్తికట్టెను, మొక్కజొన్న చొప్పను చేలోనే తగులబెట్టు అలవాటు నేలకున్న ఆ కొద్దిపాటి కప్పును కూడ తీసివేయుచున్నది. ఆ మోళ్ళను అట్లే యుంచి, లేదా ముక్కలు చేసి పరచి, తొలకరివరకు నేలను కప్పియుంచుట గాలికి మంచి విరుగుడు. గట్లవెంట చెట్లవరుస పెంచినచో, గాలికి ఆవలివైపున ఆ చెట్ల ఎత్తునకు పదిరెట్లు, అంతకు మించిన దూరమువరకు గాలివేగము తగ్గును. బాపట్ల తీరమున ఇసుకను ఆపుటకు సరుగుడు తోపులు పెంచుటయు, జోధ్‌పూరులో 1952లో ఎడారి వనీకరణ కేంద్రముగా మొదలై 1959లో కేంద్రీయ శుష్కమండల పరిశోధన సంస్థగా మాఱిన ప్రయోగశాల థారు దిబ్బలపై చేసినదియు ఈ సూత్రము ననుసరించియే.

ప్రపంచమున

ఏటేట సుమారు 200 కోట్ల టన్నుల ధూళి వాయుమండలములోనికి చేరుచున్నదని ప్రపంచ వాతావరణ సంస్థ అంచనా. అందు 80 శాతమునకు పైగా ఉత్తరాఫ్రికా, పశ్చిమాసియా ఎడారులనుండి లేచును. 1832 జనవరిలో కేప్ వెర్డి దీవులచెంత బీగిల్ ఓడపై పడిన సన్నని దుమ్మును చార్లెస్ డార్విన్ సేకరించి పరీక్షింపజేసెను. సహారా ధూళి అట్లాంటిక్ మహాసముద్రమును దాటి అమెజాను అడవులకు భాస్వరమును అందించుచున్నదని నేటి ఉపగ్రహములు చూపుచున్నవి. అరేబియా సముద్రముపై తేలు ధూళి ఎండను పీల్చి గాలిని వేడెక్కించుటచే మన నైరుతి ఋతుపవనపు వానలు కొలదిదినములలోనే బలపడునని వి. వినోజ్ మొదలగువారు 2014లో నిరూపింపజూచిరి. ధూళి కేవలము అపకారియని తీర్మానించుటకు వీలులేదు.

ఎడారి తుపానును కన్నులార చూచిన తెలుగువారును తక్కువ కారు. కడప, గోదావరి జిల్లాలనుండి కువైటు మొదలగు గల్ఫు దేశములకు కూలికై పోయినవారికి షమాల్ అను వాయవ్యపుగాలి సుపరిచితము. 2011 మార్చి 25న కువైటు నగరమును కప్పిన ధూళికుడ్యమును, అదే ఏట జూలై 5న అమెరికాలోని ఫీనిక్సుపై సుమారు 160 కిలోమీటర్ల వెడల్పున విరుచుకొనిపడినదానిని ఆ నగరములలోని తెలుగు కుటుంబములు ఎదుర్కొన్నవి. మన దేశమున 2018 మే 2వ తేదీ రాత్రి రాజస్థాన్, ఉత్తరప్రదేశములలో వచ్చిన దుమారము నూఱుమందికి పైగా ప్రాణములు గొన్నది. మరణములలో పెక్కు, నిదురించుచున్నవారిపై ఇండ్ల గోడలు కూలుటవలన కలిగినవి. ఐక్యరాజ్యసమితి జూలై 12ను ఇసుక, ధూళి తుపానులను ఎదుర్కొను దినముగను, 2025 మొదలు 2034 వరకు గల కాలమును అందులకే అంకితమైన దశాబ్దిగను ప్రకటించినది.

ముందు హెచ్చరిక

తీరపు తుపానును నాలుగైదు దినములు ముందుగ చెప్పగల శాస్త్రము దుమారమును అట్లు చెప్పజాలదు. ఏ ఊరిపై ఏ మేఘము పెరుగునో ఉదయమున తెలియదు. మేఘము పెరుగ మొదలిడిన పిమ్మట మాత్రము మచిలీపట్నములోని డాప్లర్ రాడారు దానిని కనిపెట్టును. ఆ రాడారు చిత్రములను బట్టి అమరావతి వాతావరణ కేంద్రము రెండు మూడు గంటలకు చెల్లు సత్వర హెచ్చరికలను వెలువరించును. విపత్తు నిర్వహణ సంస్థ వానిని మండలమువారీగా సెల్‌ఫోనులకు పంపును. సందేశము చేరిన పిమ్మట చేతనుండు సమయము ఒక్కొకప్పుడు అరగంటకు మించదు. మిరపను పోగుచేసి పట్టా కప్పుటకును, గొఱ్ఱెలను ఊరివైపు మరలించుటకును, బడిపిల్లలను వసారాలోనికి చేర్చుటకును, రేకులపై బరువు లెత్తుటకును ఆ అరగంట చాలును. హెచ్చరిక కల్లములోని కూలీవరకు చేరినదా, మేస్త్రీ ఫోనులోనే నిలిచిపోయినదా యనునది మాత్రము రాడారు చేతిలో లేదు. ఆ పని ఊరి సచివాలయమునకును, దేవాలయపు మైకునకును, ఇరుగుపొరుగులకును చెందినది.